మన కథ మనమే తీసుకుందాం: డాక్యుమెంటరీ గ్రాంట్ల గురించి నాలుగు మాటలు

(వేదిక వార్షిక సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని అచ్చుకోసం కొద్దిగా సరిచేశాం.)



నాకిచ్చిన అంశం ఏమిటో చెప్తే మా రూములో అందరూ నవ్వారు. "ఇకామా గురించి చెప్పు, ఇండెమ్నిటీ లెక్క ఎట్లా కట్టాలో చెప్పు. డాక్యుమెంటరీ సినిమాలకు గ్రాంట్లంట! మనకెందుకన్నా అది?" అన్నాడు పక్క మంచం తమ్ముడు. న్యాయమైన ప్రశ్నే. ఈ అరగంటలో నేను చెప్పేదంతా ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు అనుకోండి.

ముందే చెప్తున్నా, నేను సినిమా మనిషిని కాదు. డ్రైవర్ని. ఈ దేశం వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఈ గ్రాంట్ల సంగతి నాకు మా మేనకోడలి వల్ల తెలిసింది. అది తర్వాత చెప్తా. ముందు ఒక్క మాట.

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో ఏం జరిగిందో మీలో ఎవరికీ నేను గుర్తు చేయక్కర్లేదు. కార్మికులు ఉండే బిల్డింగు తగలబడింది. మనదేశం వాళ్లు కనీసం 45 మంది పోయారు. అందులో ముగ్గురు మన ఆంధ్రా వాళ్లు. వైమానిక దళం విమానంలో శవపేటికలు కొచ్చికి చేరాయి. ఆ రెండు మూడు రోజులు ఏ చానల్ పెట్టినా మనమే. ఆ తర్వాత ఇంకో వార్త వచ్చింది, కెమెరాలు అటు పోయాయి.

టీవీ వాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వార్త పని అంతవరకే. పోయినవాడు ఊర్లో చేసిన అప్పు ఏడాది తర్వాత ఎవరు కడుతున్నారు, కట్టుబడి ఆగిపోయిన ఇంటికి స్లాబు పడిందా లేదా, పిల్లోడు ఏ బడికి పోతున్నాడు, ఇవేవీ వార్తలు కావు. కానీ మన బతుకంటే అవే కదా. వార్త వదిలేసిన చోట మొదలయ్యేదే డాక్యుమెంటరీ. ఒక ఇంటితో, ఒక మనిషితో ఏడాదో రెండేళ్లో మూడేళ్లో తిరిగి, నిజంగా జరిగేదాన్ని జరిగినట్టు చూపించే సినిమా.

మరి దానికి డబ్బు ఎవరు పెడతారు? మామూలు సినిమాకు నిర్మాత ఉంటాడు, థియేటర్లో టికెట్లు తెగితే తిరిగొస్తుందని పెడతాడు. డాక్యుమెంటరీకి మన దగ్గర థియేటర్ లేదు, టికెట్ లేదు. అందుకే లాభం చూసుకోని సంస్థలు, అంటే ట్రస్టులు, ఫౌండేషన్లు కొంత సొమ్ము పక్కన పెడతాయి. మంచి కథ పట్టుకొని అడిగినవాళ్లలో కొందరిని ఎంచుకుని ఇస్తాయి. దాన్నే గ్రాంటు అంటారు. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. దానమూ కాదు, పని చేసి లెక్క చూపించాలి.

ఎవరిస్తారో కొన్ని పేర్లు చెప్తా, రాసుకోండి.

మన దేశంలో అయితే బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అని ఉంది. 1993లో పెట్టారు, 1995 నుంచి కళలకు, కళల మీద పరిశోధనకు గ్రాంట్లు ఇస్తోంది. అందులో సినిమాలూ ఉంటాయి. మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, అక్కడ దరఖాస్తు ఇంగ్లీషులోనే రాయాలని లేదు, మన భాషల్లోనూ రాయవచ్చు. ఢిల్లీలో పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్ట్ 2000లో మొదలైంది. దూరదర్శన్‌తో కలిసి వందల డాక్యుమెంటరీలు తీయించి టీవీలో వేయించింది.

బయటి దేశాల్లో అయితే, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏటా డాక్యుమెంటరీల పండగ జరుగుతుంది, ఐడీఎఫ్‌ఏ అంటారు. దానికి అనుబంధంగా 1998లో ఒక నిధి పెట్టారు. ఇప్పుడు దాని పేరు ఐడీఎఫ్‌ఏ బెర్తా ఫండ్. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా లాంటి చోట్ల డాక్యుమెంటరీలు తీసేవాళ్లకోసమే అది. అమెరికాలో సన్‌డాన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల డాక్యుమెంటరీ ఫండ్ ఉంది. మన పక్కనే దోహా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2010లో వచ్చింది, దానికీ గ్రాంట్లు ఉన్నాయి. బైరూత్‌లో అరబ్ ఫండ్ ఫర్ ఆర్ట్స్ అండ్ కల్చర్ 2007 నుంచి పనిచేస్తోంది, అది అరబ్ కళాకారుల కోసం. ఏ నిధికి ఎవరు అర్హులో, గడువెప్పుడో ఏటేటా మారుతుంటాయి. ఆ ఏడాది ప్రకటన పూర్తిగా చదవనిదే అడుగు వేయొద్దు. ఏజెంటు నోటిమాట నమ్మి విమానం ఎక్కినవాళ్లం, ఈ సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంకో జాగ్రత్త: "గ్రాంటు ఇప్పిస్తా, ముందు నాకింత కట్టు" అని ఎవరైనా మధ్యలో దూరితే వాడు మన వీసా ఏజెంటుకు తమ్ముడే అనుకోండి.

గ్రాంటు ఎట్లా వస్తుందో అర్థం కావాలంటే మనం ఊర్లో ఇల్లు కట్టుకునే పద్ధతి గుర్తు చేసుకుంటే చాలు. ఇక్కడి నుంచి ఒకేసారి డబ్బంతా పంపుతామా? పునాదికి ఇంత, గోడలకు ఇంత, స్లాబుకు ఇంత అని పంపుతాం. ఫొటో తీసి పంపమంటాం. ఫొటో చూశాకే తర్వాతి డబ్బు. గ్రాంటూ అంతే. మొదటిది పరిశోధన దశ: మనుషులను కలవడం, నమ్మకం సంపాదించడం, కొంచెం తీసి చూసుకోవడం. రెండోది చిత్రీకరణ. మూడోది ఎడిటింగు, సౌండు, సబ్‌టైటిళ్లు. నాలుగోది తీసిన సినిమాను జనం దగ్గరికి తీసుకుపోవడం. ఒక్కో దశకు వేరేగా అడగవచ్చు, ఒక్కో దశకు వేరే సంస్థా ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు కూడా విడతలుగా ఇస్తారు. మధ్యలో రిపోర్టు, చివర్లో ఖర్చుల లెక్క అడుగుతారు. కొత్తవాళ్లు చాలామంది మొదటే మొత్తం సినిమాకు అడుగుతారు. పునాది చూపించకుండా స్లాబు డబ్బులు అడిగితే మనమైనా పంపుతామా?

ఇప్పుడు మా మేనకోడలి సంగతి.

మా అక్క కువైట్లో పదకొండేళ్లు ఇంటిపని చేసింది. వచ్చేనాటికి పాపకు అయిదేళ్లు, తిరిగిపోయేనాటికి పదహారు. పాపను పెంచింది మా అమ్మ. ఆ పాప జర్నలిజం చదువుకొని, పిల్లలను ఊర్లో వదిలేసి గల్ఫ్ వచ్చిన తల్లుల మీద డాక్యుమెంటరీ తీస్తానంది. ఒక సంస్థకు గ్రాంటు కోసం రాసింది. దాని పేరు చెప్పను, వాళ్ల తప్పేం లేదు. నన్ను చదవమని పంపింది. చదివా. చాలా బాగుంది అనుకున్నా. గల్ఫ్ వలస చరిత్ర, రాయలసీమ కరువు, లెక్కలు, పట్టికలు అన్నీ ఉన్నాయి. పెద్ద కెమెరాకు అద్దె, డ్రోను కూడా ఉన్నాయి. రాలేదు.

వాళ్లు పెద్దగా కారణాలు చెప్పలేదు. ఒక్క ప్రశ్న రాశారు: ఈ సినిమా మీరే ఎందుకు తీయాలి?

పాప నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "మామా, నేనే ఎందుకని అడుగుతారా? మా అమ్మ నాకు పదకొండేళ్లు లేకపాయె కదా!" అంది. నేనన్నా, "అదే రాయకపోతివే పాపా మరి?"

నిజంగానే ఆ పద్దెనిమిది పేజీల్లో వాళ్లమ్మ లేదు. బయట నుంచి వచ్చిన దొరసాని ఎవరో మన మీద రాసినట్టుంది. రెండోసారి నాలుగు పేజీలే రాసింది. వాళ్లమ్మ పంపిన వాయిస్ మెసేజులు పాత ఫోన్లో ఇప్పటికీ దాచుకుంది. ప్రతి మెసేజూ "అన్నం తింటివా" అని మొదలవుతుంది. రాత్రి పదకొండు గంటలకు, ఆ ఇంట్లో వాళ్లందరూ పడుకున్నాక, గుసగుసగా చెప్పిన మాటలు అవి. తల్లి తిరిగొచ్చాక ఇద్దరికీ మాట్లాడుకోవడానికి మాటలు దొరకలేదని రాసింది. ఫోన్లో అన్నేళ్లు మాట్లాడుకున్న వాళ్లు ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియలేదు. సినిమా అంతా ఆ సంగతే అని రాసింది. డ్రోను తీసేసింది. ఆ కాగితాలతో పాటు ఫోన్లో తీసిన ఎనిమిది నిమిషాల ముక్క పంపింది. ఈసారి పిలిచి మాట్లాడారు. పరిశోధన దశకు చిన్న మొత్తం వచ్చింది.

గ్రాంటు దరఖాస్తులో ఏముంటాయని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. కథ ఏమిటో నాలుగు వాక్యాల్లో. ఎవరి వెంట తిరుగుతాం, తెర మీద ఏం కనిపిస్తుంది. ఎంత కాలం పడుతుంది. ఎంత ఖర్చు. తీసి చూపించగలిగే ముక్క. వీటన్నిటికంటే ముందు ఆ ప్రశ్నకు జవాబు: నువ్వే ఎందుకు? పెద్ద కాలేజీల్లో చదివినవాళ్లు ఆ జవాబు కోసం వెతుక్కోవాలి. మనకు అది ఇంట్లోనే ఉంది. తమ్ముడి ప్రశ్నకు నా మొదటి జవాబు ఇదే.

"మనకు కెమెరా పట్టుకోవడం రాదు కదా" అంటారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంగతి చెప్తా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని 1983 నుంచి దళిత ఆడవాళ్ల సంఘాలతో పనిచేస్తోంది. మెట్ట పొలాల్లో చిరుధాన్యాలు పండించుకునే వాళ్లు. అందులో కొందరికి వీడియో కెమెరా నేర్పించారు. చాలామందికి చదువు రాదు. 2001లో వాళ్లదే ఒక మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల వెంట సాగు మొదలు నుంచి తిరిగి, 2003లో సినిమా తీశారు. పెద్ద కంపెనీల ప్రచారం ఒకవైపు, చేలో నిలబడిన రైతు మాట ఒకవైపు. ఆ సినిమా మిగతా దేశాలకూ పోయింది. యునెస్కో సాయంతో రేడియో స్టూడియో కూడా కట్టుకున్నారు, 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది.

వాళ్లు కెమెరా భాషను తమ భాషలోకి ఎట్లా మార్చుకున్నారో వినండి. పైనుంచి కిందికి చూపించే షాటుకు పటేల్ షాట్ అని పేరు పెట్టారు, ఊరి పెద్ద పైనుంచి చూసినట్టు ఉంటుంది కాబట్టి. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్. ఎదురుగా కూర్చొని, కళ్లకు కళ్లు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. వాళ్ల సినిమాల్లో మనుషులను సంఘం షాట్‌లోనే తీయాలనుకున్నారు.

నాకు ఇది విన్నప్పటి నుంచి మన మీద తీసిన వీడియో ఏది చూసినా ఏ షాటో చూస్తున్నా. బంకు మంచాల మీద కూర్చున్న మనల్ని నిలబడి పైనుంచి తీసినవే ఎక్కువ.

ఇంకొకటి. ముంబైలో క్యాంప్ అనే కళాకారుల బృందం ఉంది. గుజరాత్ కచ్ వైపు నుంచి చెక్క పడవల్లో సరుకేసుకొని షార్జా, ఇరాన్, సోమాలియా తిరిగే నావికులతో ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ నావికులు తమ ఫోన్లలో సముద్రాన్ని, వంటను, తుపానును, తోటివాళ్లను తీసుకొని, ఇష్టమైన పాటలు జోడించి ఒకరికొకరు పంపుకునేవారు. ఆ వీడియోలతోనే 2013లో 83 నిమిషాల సినిమా చేశారు. దాని పేరుకు అర్థం గల్ఫ్ నుంచి గల్ఫ్‌కు, అక్కడ నుంచి మళ్లీ గల్ఫ్‌కు అని. దానికి షార్జా ఆర్ట్ ఫౌండేషన్ తోడ్పాటు ఉంది. ఆ సినిమాకు కెమెరామన్ ఎవరయ్యా అంటే పడవలో పనిచేసే కూలీ. మీ ఫోన్లు ఒకసారి తీసి చూసుకోండి. ఎడారిలో ఇసుక తుపాను, రంజాన్‌లో మసీదు దగ్గర పంచిన బిర్యానీ, వీసా మారినరోజు రూములో కోసిన కేకు, అన్నీ ఉన్నాయి. మెమరీ నిండిందని రాత్రికి డిలీట్ చేస్తాం. ఇకనుంచి డిలీట్ చేసేముందు ఒక్క నిమిషం ఆలోచించండి.

ఇంతవరకు తియ్యటి మాటలు చెప్పా. ఇప్పుడు చేదు.

ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో ఖబర్ లహరియా అనే వార్తా సంస్థను 2002 నుంచి ఊరి ఆడవాళ్లు నడుపుతున్నారు, వాళ్లలో దళితులూ ఉన్నారు. వాళ్ల మీద రింటు థామస్, సుష్మిత్ ఘోష్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి తిరిగి 'రైటింగ్ విత్ ఫైర్' అని తీశారు. పైన చెప్పుకున్న నిధుల్లాంటివాటి నుంచే గ్రాంట్లు కూడబెట్టుకున్నారు. 2021లో సన్‌డాన్స్‌లో బహుమతులు వచ్చాయి, 2022లో ఆస్కార్ నామినేషన్‌కు పోయింది. మంచి సినిమా, కష్టపడి తీశారు. కానీ ఆస్కార్‌కు కొద్దిరోజుల ముందు ఖబర్ లహరియా వాళ్లు ఒక ప్రకటన ఇచ్చారు. ఈ సినిమాలో ఉన్నది మా కథలో ఒక భాగమే, ఒక భాగాన్నే చూపితే మొత్తం తప్పుగా అర్థమవుతుంది, అని దాని సారాంశం.

ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడానికి నేనెవర్ని? కానీ ఒకటి అర్థమైంది. గ్రాంటు కాగితం మీద సంతకం చేసేది తీసేవాడు. తెర మీద ముఖం కనిపించేది వేరే మనిషిది. సినిమా అయిపోయాక తీసేవాడు ఇంకో సినిమాకు పోతాడు. ఆ ముఖం ఉన్న మనిషి అదే ఊర్లో, అదే పనిలో, అదే కఫీల్ దగ్గర ఉండాలి.

ఇది నేను కళ్లారా చూశా. కొన్నేళ్ల కిందట ఊరి నుంచి ఒకాయన వచ్చి, పని వదిలేసి బయటపడిన ఒక అక్కతో మాట్లాడించి వీడియో తీశాడు. ఆమె ఏడుస్తూ అన్నీ చెప్పింది. సాయం వస్తుందని చెప్పింది ఆమె, ఇంటర్నెట్లో పెడతారని కాదు. వారంలో ఊరంతా చూసింది. సాయం రాలేదు గానీ, ఆమె కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. అడగలేదు, అంతే. ఎక్కడ చూపిస్తానో చెప్పలేదు.

అందుకే ఎవరైనా కెమెరాతో మీ రూముకు వస్తే నాలుగు మాటలు అడగండి. డబ్బు ఎవరిచ్చారు? ఎక్కడ చూపిస్తారు? తీసినదాన్ని బయటపెట్టకముందే నాకు చూపిస్తారా? వద్దంటే నా ముక్క తీసేస్తారా? మంచి గ్రాంటు సంస్థలు తీసేవాళ్లను ఇవే అడుగుతున్నాయి ఇప్పుడు. తెర మీదున్న మనిషి ఒప్పుకున్నాడా, అతనికి ప్రమాదం వస్తే ఏం చేస్తావు అని. కాబట్టి అడగడం మన హక్కు, సిగ్గుపడక్కర్లేదు. కాగితం మీద సంతకం పెట్టమంటే అది తెలుగులో ఉండాలని అడగండి. తెలియని భాషలో సంతకం పెట్టి ఇక్కడిదాకా వచ్చినవాళ్లం, రెండోసారి ఆ పని చేయొద్దు.

ఇక్కడి చట్టం కూడా తెలుసుకోవాలి. కువైట్లో ఒకరిని అనుమతి లేకుండా ఫొటో, వీడియో తీసి వాళ్లకు నష్టం కలిగేలా వాడితే అది నేరం. 2014 నాటి కమ్యూనికేషన్ల చట్టం, 2015 నాటి సైబర్ నేరాల చట్టం ఉన్నాయి. ప్రభుత్వ భవనాలు, సైన్యం చోట్లు, ఆయిల్ ప్లాంట్ల వైపు ఫోన్ ఎత్తనే ఎత్తొద్దు. పనిచేసే ఇంట్లో ఆ ఇంటి పిల్లలను, ఆడవాళ్లను తీయడం అసలు కూడదు. చట్టం మాట అటుంచండి, అది వాళ్ల ఇల్లు. మన ఇంట్లో ఎవడో వచ్చి తీస్తే ఊరుకుంటామా?

అట్లయితే మన కథ తీయలేమా అంటే, తీయవచ్చు. మన కథలో సగం ఊర్లోనే ఉంది. ఏజెంటు ఆఫీసు ముందు వరుస ఉంది. వడ్డీ లెక్క రాసుకున్న డైరీ ఉంది. అమ్మను వీడియో కాల్‌లో తప్ప చూడని పిల్లలున్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ఇక్కడికి వచ్చినప్పుడు బస్సుల్లో ఎడారి దాటి, అమ్మాన్‌లో విమానం ఎక్కి ఇల్లు చేరిన పెద్దవాళ్లు ఉన్నారు. లక్ష మందికి పైగా మనదేశం వాళ్లను అప్పుడు విమానాల్లో తెచ్చారు. దాని మీద హిందీలో పెద్ద హీరోతో సినిమా వచ్చింది. అందులో మన రాజంపేట తాత, రాయచోటి పెద్దమ్మ ఎక్కడున్నారు? అప్పుడు పాతికేళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. వాళ్లు చెప్పగలిగినప్పుడే తీయాలి. ఆ పని ఊర్లో చేస్తే ఎవరి ఇకామాకూ ప్రమాదం లేదు.

డబ్బు విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పి ముగింపుకొస్తా.

మొదటిది. బయటి దేశపు సంస్థ ఇండియాలో ఉన్న సంఘానికో మనిషికో గ్రాంటు పంపితే దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం ఉంది, 2010 నాటిది. సాంస్కృతిక, సామాజిక పనుల కోసం అట్లాంటి డబ్బు తీసుకోవాలంటే హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020లో ఇంకా బిగించారు. ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ దాన్ని ఇంకో సంస్థకు మళ్లించకూడదు. అందుకే విదేశీ గ్రాంటు వచ్చిందని ఎగిరి గంతేసేముందు ఒక ఆడిటర్‌ను కలవాలి. గ్రాంటు వచ్చి కూడా తీసుకోలేక బాధపడటం కంటే, ముందే అడిగి దేశంలోని సంస్థకు రాసుకోవడం మేలు.

రెండోది. "మనమే తలా ఇంత వేసుకుంటే పోలా?" అని మీకు అనిపించవచ్చు. కేరళలో అట్లా చేశారు. జాన్ అబ్రహాం, ఆయన స్నేహితులు 1984లో ఒడెస్సా అనే బృందం పెట్టి, ఊరూరా తిరిగి చాప్లిన్ సినిమా చూపించి జనం దగ్గర చిల్లర పోగుచేసి, 1986లో 'అమ్మ అరియాన్' తీశారు. గొప్ప పని. కానీ ఇక్కడ అట్లా కుదరదు. కువైట్లో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం చట్ట విరుద్ధం. ఈ సభలో డబ్బా తిప్పకూడదు, వాట్సాప్ గ్రూపులో లెక్క పెట్టకూడదు. అయితే ఒక దారి ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లం మన సొంత సంపాదన నుంచి, మామూలు బ్యాంకు దారిలో ఊర్లోని ట్రస్టుకో సంఘానికో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఎవరికి వారు, ఎవరి ఖాతా నుంచి వారు, రసీదు తీసుకొని పంపుకోవచ్చు.

ఖర్చుల పట్టిక వేసేటప్పుడు ఒక్కటి మరవొద్దని మా పాపకు చెప్పా. కెమెరా అద్దె రాస్తారు, టిక్కెట్లు రాస్తారు, హోటలు రాస్తారు. తెర మీద కూర్చొని మాట్లాడే మనిషికి ఆరోజు కూలి పోతుంది. ఆ కూలి కూడా పట్టికలో రాయి అన్నా. డబ్బిచ్చి కథ చెప్పించుకున్నట్టు అవుతుందేమోనని పాప భయపడింది. కథకు డబ్బు కాదమ్మా, పోయిన రోజుకు డబ్బు అన్నా. రాసింది. ఆ సంస్థ ఒప్పుకుంది కూడా.

చివరిగా మా అక్క మాట చెప్పి సెలవు తీసుకుంటా.

డబ్బు వచ్చాక పాప కెమెరా పెట్టి వాళ్లమ్మను కూర్చోబెట్టింది. మా అక్క వెంటనే కూర్చోలేదు. మూడు షరతులు పెట్టింది. ఒకటి, నేను పనిచేసిన ఇంటి పేరు చెప్పొద్దు, ఆ పిల్లలను నేనే ఎత్తుకొని పెంచినా, వాళ్లకు చెడ్డపేరు రాకూడదు. రెండు, ఏడుస్తున్నప్పుడు దగ్గరికొచ్చి ముఖం తీయొద్దు. మూడు, "అయ్యో పాపం అనేట్టు తీస్తే తీయకు. నేను పోయింది నిన్ను చదివించడానికి. నువ్వు చదువుకుంటివి. అది చూపీ."

తర్వాత పాప నాకు ఫోన్ చేసింది. "మామా, నువ్వు కూడా మాట్లాడాల" అంది. ఇంతసేపు మీకు ఇన్ని చెప్పిన నేను, ఆరోజు ఏం చెప్పానో తెలుసా? "నాకెందుకులే పాపా, ఉద్యోగం పోతుంది" అన్నా. నిజంగా భయమేసింది. వారం రోజులు ఆలోచించా. ఈసారి సెలవు మీద ఊరికి పోయినప్పుడు మాట్లాడతానని చెప్పా. ఊర్లో, మా ఇంటి అరుగు మీద. కంపెనీ పేరు లేకుండా. బయటపెట్టేముందు నాకు చూపించాలని షరతు పెట్టా. అక్క పెట్టిన షరతులు చూసే నేర్చుకున్నా.

మా రూము తమ్ముడికి నా జవాబు అంతే. ఇకామా మన చేతిలో లేదు, వీసా మన చేతిలో లేదు. మన కథ ఎవరు చెప్పాలి, ఎట్లా చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, ఇదొక్కటీ మన చేతిలో ఉంది. దానికి డబ్బిచ్చేవాళ్లు ఉన్నారు. అడిగే పద్ధతి తెలుసుకొని అడగాలి, అంతే. మన పిల్లల్లో, చెల్లెళ్లలో, మేనల్లుళ్లలో ఎవరైనా కెమెరా పట్టుకొని "నేను సినిమా తీస్తా" అంటే, పనికిమాలిన పని అని తిట్టకండి. కూర్చోబెట్టి అడగండి, నువ్వే ఎందుకు అని. జవాబు చెప్పగలిగితే వేదిక ఆఫీసుకు పంపించండి. దరఖాస్తు చదివి పెట్టడానికి మేం నలుగురం ఉన్నాం. శుక్రవారాలు సాయంత్రం అయిదు తర్వాత.